రెండు పట్టముల వైద్యవిద్య



గడచిన సంక్రాంతి దినములలో మా పొరుగు పెద్దమనిషి యొకరు చేతిలో ఒక కాగితముతో మా యింటి అరుగుమీదికి వచ్చిరి. వారి మనుమడు అమెరికాలో పుట్టి పెరిగినవాడు. అచ్చటి వైద్యకళాశాలలో వానికి ప్రవేశము దొరకినదని కుమారుడు వ్రాసి పంపిన వార్త యది. వార్త శుభమే. కాని చదువు ఎనిమిదేండ్లు పట్టుననియు, చివర రెండు పట్టములు వచ్చుననియు, అందొకటి వైద్యమునకు, రెండవది పరిశోధనకు అనియు అందులో నున్నది. ఆ పెద్దమనిషి కండ్లద్దములు సవరించుకొని, "పంతులుగారూ, డాక్టరు చదువు చదివినవాడు రోగులను చూచుకొనక, ఈ రెండవ పట్టమెందులకండీ? వానికి పెండ్లియీడు దాటిపోదా?" అని యడిగిరి.

నేను ముప్పదియేండ్లకు పైగా బడిలో తెలుగును సంస్కృతమును చెప్పినవాడను. వైద్యశాస్త్రము నాది కాదు. ఆ పూటకు ఏదో చెప్పి పంపితినిగాని ప్రశ్న నన్ను విడువలేదు. గ్రంథములు కొన్ని చూచి, తెలిసినవారిని అడిగి, ఈ రెండు పట్టముల చదువు ఎట్లు పుట్టెనో ఆ చరిత్రను కూర్చుకొంటిని. ఆయనకు చెప్పినదానినే నేడు మీకును విన్నవించుచున్నాను.

శాస్త్రము మాత్రమే చదివి చేతిపని నేర్వని వైద్యుని, చేతిపని మాత్రమే నేర్చి శాస్త్రము చదువని వైద్యుని సుశ్రుతాచార్యుడు ఒంటిఱెక్క పక్షులతో పోల్చియున్నాడు. పండితులు ఈ పోలికను తఱచుగా ఎత్తుకొందురు. నేను చెప్పబోవునది అంతకంటె వేఱైన సంగతి. ఆ రెండు ఱెక్కలును గల వైద్యుడు కూడ ఉన్న శాస్త్రమును ఉన్నట్లు ప్రయోగించువాడే. ఉన్న మందు పనిచేయనపుడు, ఏల పనిచేయలేదని అడిగి, ప్రయోగములతో సమాధానము వెదకువాడు మూడవవాడు. అడుగుటకు రోగి మంచము ప్రక్కన కూర్చుండిన అనుభవము కావలెను. వెదకుటకు ప్రయోగశాలలో ఏండ్లకొలది అభ్యాసము కావలెను. ఈ రెండును ఒక్క మనిషికి అబ్బుట ఎట్లు? పూర్వము దీనికి వేసిన బాట లేదు. ఎవరికి వారు ముండ్లు త్రోసికొని పోవలసినదే.

అట్లు పోయినవారిలో ఒకరి కథ మన సికింద్రాబాదులోనే జరిగినది. రొనాల్డ్ రాస్ 1857లో ఆల్మోరాలో పుట్టి, ఇంగ్లండులో వైద్యము చదివి, 1881లో ఇక్కడి ప్రభుత్వపు వైద్యదళమున చేరెను. జ్వరము వచ్చిన సిపాయికి మందిచ్చుట ఆయన ఉద్యోగము. ఆ జ్వరము ఎట్లు వచ్చుచున్నదో కనుగొనుట ఉద్యోగములో లేదు. 1894లో సెలవుమీద లండనుకు పోయినపుడు, పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు మలేరియా రోగి నెత్తురులోని పరాన్నజీవిని సూక్ష్మదర్శినిలో చూపి, దీనికిని దోమకును సంబంధముండునని తన యూహను చెప్పెను. అది మొదలు మాన్సన్ లండనులోను, రాస్ ఈ దేశములోను ఉండి, ఉత్తరములమీదనే గురుశిష్యులైరి.

1897 ఆగస్టు మాసము. బేగంపేటలోని ఆసుపత్రిలో ఉక్క మిక్కుటముగా నున్నది. పంకా లాగించినచో కోసి పెట్టిన దోమలు గాలికి ఎగిరిపోవునని పంకా మాన్పించిరి. నుదుటి చెమట కాఱి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టినవని రాస్ వ్రాసికొనియున్నాడు. హుసేన్ ఖాన్ అను రోగి, తన్ను కుట్టిన దోమ ఒక్కింటికి అణా చొప్పున పుచ్చుకొని, తన శరీరమును దోమలకు ఒప్పగించెను. ఈ కథలో ఆ మనిషి పేరు కూడ నిలిచియుండుట నాకు సంతోషము. ఆగస్టు 20వ తేదీన అట్టి దోమ యొకదాని కడుపుగోడలో రాస్ తాను వెదకుచున్న గుర్తును చూచెను. మఱుసటి నెలలోనే రాజపుతానాలోని ఖేర్వారాకు పొమ్మని బదిలీ ఉత్తరువు వచ్చెను. పట్టుకొన్న దారపుకొన చేతినుండి జారిపోయినట్లయినది. తరువాత 1898లో కలకత్తాలో పక్షుల మలేరియామీద శోధన సాగించి ఆయన తన పని నెఱవేర్చుకొనెను. 1902లో నోబెల్ బహుమానము పొందెను. బదిలీ చేసినవారిది ద్వేషమని నేననుకొనను. రోగులున్నచోట వైద్యునికి పని గలదని వారెఱుగుదురు. ప్రశ్న యున్నచోట కూడ పని గలదని వారి నిబంధనలలో లేదు.

రెండవ కథ మన భీమవరపు బిడ్డది. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో పుట్టిరి. మెట్రిక్యులేషను మూడవ మాఱు గాని గట్టెక్కలేదు. ఈ సంగతిని మావంటి బడిపంతుళ్లు మఱవరాదు. మద్రాసు వైద్యకళాశాలలో చదువు దినములలో గాంధీజీ పిలుపు విని, శస్త్రచికిత్సకు ఖద్దరు దుస్తులతో హాజరగుట ఒక ఆచార్యునికి కంటగింపైనది. దాని ఫలముగా ఎం.బి.బి.ఎస్. రాక, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము చేతికి వచ్చినది. ఆ యేండ్లలోనే వారి సోదరులిద్దఱు స్ప్రూ అను గ్రహణిజాతి వ్యాధితో ఒకరి వెనుక ఒకరు చనిపోయిరి. ఆనాడు ఏ వైద్యుని పెట్టెలోను దానికి తగిన మందు లేదు.

సుబ్బారావుగారు కొంతకాలము మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించి, మామగారు మొదలైనవారి సాయముతో అమెరికా చేరి, హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా పుచ్చుకొనిరి. పొట్టపోసికొనుటకై ఆసుపత్రిలో చిల్లర పనులు చేసిరి. పిమ్మట సైరస్ ఫిస్కే అను ఆచార్యునివద్ద జీవరసాయనమున చేరిరి. దేహద్రవములలో భాస్వరమెంత గలదో కొలుచుటకు 1925లో వారిరువురు ప్రకటించిన పద్ధతికి నేటికిని ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనియే పేరు. 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో మన దేహమున శక్తికి నాణెమువలె చెలామణి యగు ఏ.టి.పి. అను పదార్థమును గూర్చి వెల్లడించిరి. 1930లో హార్వర్డు వారికి పిహెచ్.డి. పట్టమిచ్చెను. అప్పటికి వయస్సు ముప్పదియైదు. హార్వర్డులో స్థిరమైన ఆచార్యపదవి మాత్రము దక్కలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమున లెడర్లీ అను మందుల కంపెనీకి పోయి, అచ్చటి పరిశోధనకు పెద్దయైరి. 1945లో వారి బృందము ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో కూర్చినది. స్ప్రూ వ్యాధికి నేటికిని ఇచ్చు మందులలో అదియొకటి. సోదరులను మ్రింగిన రోగమును ఆయన మఱవలేదనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? బోదకాలునకు వాడు హెట్రజాన్, బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరు గల పిల్లలకిచ్చి చూచిన అమినోప్టెరిన్, ఆ శాలనుండి వచ్చినవే. 1948 ఆగస్టులో, 53వ యేట, ఆయన పరమపదించిరి.

ఆ మహనీయునికి రెండు పట్టములు రెండు దేశములలో, నడుమ ఏండ్లకొలది ఎడముతో, ఆసుపత్రి కూలి కర్చుతో వచ్చినవి. సామర్థ్యముండియు మొదటి పట్టముదగ్గఱనే ఆగిపోయినవారు ఎందఱో! వారి లెక్క ఏ పుస్తకములోను లేదు.

సుబ్బారావుగారు చేరిన అమెరికాలో సైతము, అంతకు కొన్నియేండ్ల ముందువఱకు వైద్యవిద్య చెప్పుకొనదగినట్లు లేదు. రుసుముకొఱకు నడపు బడులు మెండు. ప్రయోగశాల పేరునకు మాత్రమే యుండెడిది. కొన్నిచోట్ల అదియును లేదు. 1893లో బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ వైద్యకళాశాల తెఱచి, కళాశాల పట్టము లేనివానిని చేర్చుకొనమని నియమము పెట్టిరి. 1910లో కార్నెగీ సంస్థ పక్షమున అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అనునాయన అమెరికా, కెనడాలలోని 155 వైద్యవిద్యాలయములను చూచి నివేదిక వ్రాసెను. ఆయన వైద్యుడు కాడు. కెంటకీ రాష్ట్రపు లూయీవిల్ నగరమున బడి నడిపిన ఉపాధ్యాయుడు! బడిపంతులు పోయి డాక్టర్ల బడులను పరీక్షించెనని చదివినపుడు నాకు కలిగిన ఆనందమును దాచుకొనజాలను. విశ్వవిద్యాలయముతోను ప్రయోగశాలతోను పొత్తు లేని వైద్యవిద్య విద్య కాదని ఆయన గట్టిగా వ్రాసెను. అనేకములైన నాసి బడులు మూతపడినవి. కాని నల్లజాతివారి వైద్యకళాశాలలు ఏడింటిలో రెండింటినే నిలుపదగినవని వ్రాయుట ఆ వర్గమునకు చేసిన అపకారము. పరీక్షాధికారి కలము పదునైనదే; అది ఎవరిమీద పడుచున్నదో ఆయన తగినంత చూడలేదు.

ఆ 1910వ సంవత్సరముననే న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థ ఒక ఆసుపత్రిని తెఱచి, రోగిని చూచు వైద్యుడే అదే కప్పు క్రింద ఆ రోగమును శోధించునట్లు ఏర్పాటు చేసెను. వంశలక్షణములను మోయు పదార్థము డి.ఎన్.ఏ. అని 1944లో చూపిన ముగ్గురిలో పెద్దయైన ఆస్వాల్డ్ ఏవరీ అచ్చటి వైద్యుడే. న్యుమోనియానుగూర్చి వెదకబోయి అంతదూరము పోయినాడు.

అయినను అవి యొక్కొక్క చోటి సంగతులు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట రసాయనము, భౌతికము, జీవశాస్త్రము ఎంత లోతుకు పోయినవనగా, వైద్యము చదివినవాడు సాయంకాలపు తీఱికవేళ ప్రయోగములు నేర్చుకొందుననుట కుదురని పని యైనది. అపుడు ఓహాయో రాష్ట్రపు క్లీవ్‌లాండ్ నగరములోని వెస్ట్రన్ రిజర్వ్ విశ్వవిద్యాలయమువారు 1956లో ఒక మార్గము వేసిరి. ఒకే విద్యార్థి ఒకే చోట చేరి, ఎం.డి.ని పిహెచ్.డి.ని జోడుగా చదువవలెను. ఇక్కడ ఒక వివరణము. మన దేశమున ఎం.డి. యనునది ఎం.బి.బి.ఎస్. తరువాతి పైచదువు. అమెరికాలో వైద్యునికి మొదటి పట్టమే ఎం.డి.; కళాశాల పట్టము ముగిసిన పిదప దానికి నాలుగేండ్లు పట్టును.

ఆ మార్గమున తొలుత నడచినవారిలో ఫెరిద్ మురాద్ ఒకడు. తండ్రి ఆల్బేనియానుండి వలస వచ్చి, ఇండియానా రాష్ట్రమున ఒక చిన్న పూటకూటి హోటలు నడిపెను. పిల్లవానికి పాత్రలు కడుగు తొట్టి అందీ అందకమునుపే, ముక్కాలిపీటపై నిలిచి ప్లేట్లు కడిగెడివాడు. అట్టి యింటి పిల్లవానికి రెండు చదువుల రుసుమును ఎవరు కట్టగలరు? క్లీవ్‌లాండ్ విశ్వవిద్యాలయము ఉభయపట్టముల రుసుమును తానే భరించి, పైన కొంత వేతనమిచ్చుటచేతనే అతడు 1958లో అచ్చట చేరెను. ఆచార్యుడు ఎర్ల్ సదర్లాండ్, తానును వైద్యము చదివి శోధనలో దిగినవాడు. హార్మోనులు కణములోపల ఏ దూతచేత పనిచేయించుకొనునో కనుగొని 1971లో నోబెల్ బహుమానమునందినవాడు. 1965లో మురాద్ రెండు పట్టములతో బయటికి వచ్చెను.

అతడు తరువాత చేసినపని తెలియుటకు నైట్రోగ్లిజరిన్ కథ కొంచెము వినవలెను. 1847లో ఇటలీలో సొబ్రేరో అను రసాయనికుడు దానిని తయారుచేసి, నాలుకకు తగిలించి చూడగా తల పగులునట్లు నొప్పి పుట్టెను. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ దానితోనే డైనమైటు చేసి కోట్లకధిపతి యయ్యెను. 1879లో లండనులో విలియం మరెల్ అను వైద్యుడు ఆ పేలుడు ద్రవమునే బిందుమాత్రముగ గుండెనొప్పి రోగులకిచ్చి, నొప్పి తగ్గుట చూచెను. 1896లో ఆ నోబెలుకే గుండెజబ్బునకు వైద్యులు దానిని వ్రాసిచ్చిరి! నాటినుండి లోకమంతట వైద్యులు ఇచ్చుచునే యున్నారు, రోగులకు నొప్పి తగ్గుచునే యున్నది. ఏల తగ్గుచున్నదో మాత్రము తెలియదు. మందు పనిచేయుచున్నది గదా యని వైద్యుడు ఊరకుండెను. రోగిని చూడని శాస్త్రజ్ఞునికి ఆ ప్రశ్నయే తోచదు. దాదాపు నూఱేండ్లు అట్లు గడచిన పిమ్మట, 1977లో వర్జీనియా విశ్వవిద్యాలయమున మురాద్, ఈ మందు దేహములో నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువును విడుచుననియు, ఆ వాయువు రక్తనాళపు కండరమును సడలించుననియు చూపెను. కణములోపలి దూతల సంగతి సదర్లాండ్ దగ్గఱ నేర్చిన విద్య. గుండెనొప్పి సంగతి ఆసుపత్రిలో నేర్చిన విద్య. మన దేహము తానే ఆ వాయువును పుట్టించుకొనునని మఱికొందఱి శోధనవలన తేలెను. 1998లో రాబర్ట్ ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో అను ఇరువురితో కలిసి మురాద్ నోబెల్ బహుమానము పంచుకొనెను. ఆ యిరువురును వైద్యులు కారు, పరిశోధకులే. ఆ సంగతిని దాచుట న్యాయము కాదు.

క్లీవ్‌లాండ్ ప్రయత్నము చూచి ప్రభుత్వము కదలినది. 1964లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలు న్యూయార్కులోని ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ వైద్యకళాశాల, న్యూయార్కు విశ్వవిద్యాలయము, షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయము అను మూడుచోట్ల వైద్యశాస్త్రజ్ఞుల శిక్షణ పేరిట ధనసాయము మొదలుపెట్టినవి. నేడు ఏబదికి పైగా విద్యాలయములకు ఆ సాయము కలదు. మా పొరుగువారి మనుమడు చేరినది అట్టి యొకదానిలోనే.

ఎనిమిదేండ్ల పంపకము సాధారణముగా నిట్లుండును. తొలి రెండేండ్లు తక్కిన వైద్యవిద్యార్థులతో కలిసి పాఠములు. పిమ్మట తోడి విద్యార్థులు ఆసుపత్రికి పోవుచుండగా, వీడు వారిని విడిచి ప్రయోగశాలకు పోవును. అచ్చట ఒక ఆచార్యుని క్రింద నాలుగేండ్లు అటునిటుగ ఒకే ప్రశ్న పట్టుకొని సిద్ధాంతవ్యాసము వ్రాయును. అది ఆమోదమైన పిమ్మట ఆసుపత్రికి తిరిగి వచ్చి, తనకంటె నాలుగేండ్లు చిన్నవారితో కలిసి రోగులమధ్య రెండేండ్లు. రుసుము లేదు, జీవనమునకు వేతనము కలదు. ఇన్నియేండ్ల పిదప ఆసుపత్రిలో మఱల మూడేండ్లనుండి ఏడేండ్లవఱకు శిక్షణ. తన సొంత ప్రయోగశాలకు మొదటి పెద్ద ధనసాయము వచ్చునప్పటికి నలువదియేండ్లు దాటుచున్నవి. పెద్దమనిషి పెండ్లియీడును గూర్చి అడిగినపుడు నాకు మొదట నవ్వు వచ్చినది. ఈ లెక్క చూచిన పిమ్మట ఆ నవ్వు పోయినది.

ఇంత చేసినను కొఱత తీఱలేదు. 1979లో జేమ్స్ వింగార్డెన్ అను వైద్యాచార్యుడు, రోగి ప్రక్క నిలిచి శోధించు వైద్యుడు అంతరించిపోవు జంతుజాతివలె నున్నాడని హెచ్చరించి వ్యాసము వ్రాసెను. ఆయనయే 1982లో ఆ జాతీయ ఆరోగ్యసంస్థలకు అధిపతి యయ్యెను. అయినను అమెరికా వైద్యులలో పరిశోధనయే ప్రధానవృత్తిగా గలవారు 1980లనాట నూటికి నలుగురైదుగురుండగా, 2014 నాటి లెక్కకు ఇద్దఱికంటె తక్కువైరి. రోగులను చూచిన వైద్యునికి వచ్చు రాబడి, ప్రయోగశాలలో కూర్చుండినవానికి రాదు. అప్పు చేసి చదివినవాడు ఎటు మొగ్గునో చెప్పనక్కఱలేదు గదా.

రెండవ పట్టమే సర్వమని నేను వాదింపను. మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టైన్ అను ఇరువురు వైద్యులకు పిహెచ్.డి. లేదు. చిన్నవయస్సుననే గుండెపోటు వచ్చు పిల్లలను ఆసుపత్రిలో చూచి, నెత్తురులోని కొలెస్టరాలును కణములు ఎట్లు గ్రహించునో, ఆ పిల్లలలో అదెట్లు తప్పినదో కనుగొని, 1985లో నోబెల్ పుచ్చుకొనిరి. వారు కూడ పట్టమునకు బదులు జాతీయ ఆరోగ్యసంస్థలలో మంచి గురువులవద్ద కొన్నియేండ్లు ప్రయోగములలో మునిగినవారే. కాగితము లేకున్నను ఆ యేండ్లు తప్పలేదు. అట్టి గురువు, అట్టి తీఱిక తమంతట తాము దొరకనివారికి ఈ జోడుచదువు వాటిని కల్పించి ఇచ్చుచున్నది.

ఇటీవలి మాట యొకటి. 1987లో బోస్టన్ విశ్వవిద్యాలయమునుండి రెండు పట్టములు పొందిన డ్రూ వైస్‌మన్, జీవరసాయనశాస్త్రజ్ఞురాలైన కతలిన్ కరికోతో కలిసి, దూతవంటి ఆర్.ఎన్.ఏ.లో చిన్న మార్పు చేసినచో దేహము దానిని శత్రువని తిరుగబడదని 2005లో చూపెను. అపుడు పట్టించుకొన్నవారు తక్కువ. పదునైదేండ్ల పిమ్మట కరోనా మహమ్మారిలో పాశ్చాత్యదేశములందు కోట్లమందికి వేసిన టీకాలకు అదియే పునాది. 2023లో వారిరువురికి నోబెల్ వచ్చినది. మన గ్రామములలో వేసిన కోవిషీల్డు, కోవాక్సిన్ ఆ విధానపువి కావు. కాని అమెరికాలోని మన పిల్లలలో చాలమంది వేయించుకొన్నవి అవియే.

ఈ చరిత్రనంతయు ఆ పెద్దమనిషికి రెండు సాయంకాలములు చెప్పితిని. సుబ్బారావుగారి సోదరుల కథ చెప్పినపుడు ఆయన చాలసేపు మాటాడలేదు. ఆయన చిన్నచెల్లెలు బాల్యమున ఏదో జ్వరముతో పోయినదట. పేరు తెలియని జ్వరమని ఆనాటి వైద్యుడు చెప్పి లేచిపోయెనట. తరువాత కాగితమును మడిచి జేబులో పెట్టుకొనుచు, "అయితే మావాడు ఏ రోగము సంగతి చూచునండీ?" అని అడిగిరి. అది వానికే ఇంకను తెలియదనియు, మూడవ యేట ప్రయోగశాల చేరునపుడు తేలుననియు చెప్పితిని. "సరే, అయితే మూడవ యేట వానినే అడిగెదను. పెండ్లిమాట కూడ అప్పుడే ఎత్తెదను" అని కఱ్ఱ తీసికొని అరుగు దిగిరి.